ముల్లు పెట్టే చెయ్యి

మా నాయినకు కోపం వస్తే నోరు మూసుకుంటాడు. నాకు కోపం వస్తే నోరు మూతపడదు. మధ్యలో మా అమ్మ. ఆమె జగ్గయ్యపేట వైపు నుంచి కోదాడకు కోడలిగా వచ్చిన మనిషి కాబట్టి, మమ్మల్ని తిట్టాల్సి వచ్చినప్పుడు ఆంధ్రాలో మొదలుపెట్టి తెలంగాణలో ముగిస్తుంది. రికార్డులు పాడే మిషన్ ఒకటి కొనడమనే చిన్న పని మా ఇంట్లో అంత పెద్ద యుద్ధం ఎందుకయిందో అర్థం కావాలంటే ముందుగా ఈ సంగతి తెలిసి ఉండాలి.

నాయిన సొంతూరు నడిగూడెం. పొలం పని అన్నలకు వదిలేసి కోదాడలో మైక్‌సెట్టు దుకాణం పెట్టాడు. పెళ్లి కానీ, ఎన్నికల మీటింగు కానీ, క్రిస్మస్ కానీ, మోతె దాకా, అనంతగిరి దాకా ఆయన మైకులే మోగేవి. తెల్లవారకముందే వేపచెట్టుకో కరెంటు స్తంభానికో గొట్టం మైకు కట్టి, హిందువుల ఇల్లయితే దేవుడి పాట, క్రైస్తవుల ఇల్లయితే ప్రభువు పాట ముందు వేసేవాడు. సినిమా పాటలు ఆ తర్వాతే. పెద్ద రికార్డు మీద ఒక్కో వైపు నాలుగైదు పాటలుంటాయి. పాటకూ పాటకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ఎవరు ఏ పాట అడిగితే దాని ముందున్న ఖాళీలో ముల్లు దించడమే ఆయన పనితనం. పక్కన జనరేటర్ అదురుతున్నా, ట్రాక్టర్ ట్రాలీ మీద కుర్రాళ్లు ఎగురుతున్నా ఆ ముల్లు తప్పేది కాదట. ఆ మాట చెప్పేది కూడా ఆయనే కాబట్టి నేను 'అట' అంటున్నాను.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, చివరికి ఇల్లంత ఎత్తు డీజే బాక్సులు వచ్చాయి. నాయిన మిషన్ పాత ఇనుప సామాన్ల బండెక్కింది. ఆంప్లిఫయరూ ఒక చిన్న బాక్సూ అటకెక్కాయి. రికార్డులు మాత్రం ట్రంకు పెట్టెలో మిగిలాయి. వాటి మీద ప్రేమతో అనుకునేరు. అమ్మకు గ్రైండర్ పెట్టుకోవడానికి ఆ పెట్టె ఎత్తు సరిగ్గా సరిపోయింది, అంతే.

పోయిన వానాకాలంలో నాయినకు పక్షవాతం వచ్చింది. సూర్యాపేటలో దవాఖానకు తొందరగానే చేర్చాం. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. కుడిచేతికి వణుకు మాత్రం ఉండిపోయింది. చేతిని ఎంత వాడితే అంత మంచిదని, రోజూ కందిపప్పులో బియ్యం కలిపి మళ్లీ వేరుచేయమని డాక్టరు చెప్పాడు. "నన్ను పప్పులేరుకుంట కూసొమ్మంటడా?" అని నాయిన ఆ రోజు నుంచే ఆ చేతిని తువ్వాల కింద దాచేశాడు. హోటల్‌కు వెళ్లడం మానేశాడు, గ్లాసు పట్టుకుంటే అందరి ముందూ టీ ఒలుకుతుందని. పాత దోస్తులు ఇంటికొస్తే కళ్లు మూసుకుని పడుకునేవాడు. అంత గట్టిగా కళ్లు మూసుకుని నిద్రపోయేవాణ్ని నేనెక్కడా చూడలేదు.

సూర్యాపేటలో నేను లెక్కల టీచర్ని. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే అమ్మకు ఫోన్ చేస్తాను. ఆ రోజుల్లో ఆమె దగ్గర ఒకటే వార్త ఉండేది: "గోడకేసి చూస్తూ కూర్చున్నారే." నాకు నిజంగా భయం వేసింది. మనిషికి ప్రాణం మిగిలింది కానీ, మా నాయిన మాకు మిగులుతాడా లేదా అని భయం.

ఒకరోజు అమ్మ వేరే వార్త చెప్పింది. నాయిన గ్రైండర్ దించమని అడిగి, పెట్టె తెరిచి, రికార్డులన్నీ ఎడమచేత్తో ఒక్కొక్కటే తుడిచి, మళ్లీ లోపల పెట్టేశాడట. అంతే, నా బుర్రలో బల్బు వెలిగింది. రావాల్సిన డీఏ బకాయిలు అప్పుడే చేతికొచ్చాయి. పదిహేను వేలు దీనికి, మిగతాది స్కూటీ రిపేరుకు అని తేల్చేశాను. మా ఆయన విని, "రెండు వేలు పెడితే బ్లూటూత్ స్పీకర్ వస్తది, నోటితో అడిగితే ఏ పాటైనా పాడుతది గదా" అన్నాడు. ఆయనకు కొన్ని విషయాలు చెప్పినా అర్థం కావు కాబట్టి చెప్పలేదు.

తర్వాత వారం రోజులు నేను యూట్యూబులోనే కాపురం పెట్టాను. సూట్‌కేసులాంటి చవక మిషన్లు రికార్డును గీరేస్తాయని ఒకడు, మనిషే అన్నీ చేసుకునే మిషన్లే అసలైనవని ఇంకొకడు. వాళ్ల ఇంగ్లీషు యాస నాకు సగమే అర్థమయింది. మిగతా సగం స్టాఫ్‌రూంలో నేను కలిపి చెప్పాను. చివరికి నా బడ్జెట్ అంచున ఒకటి దొరికింది. బటన్ నొక్కితే చాలు, ముల్లున్న కడ్డీ దానంతటదే లేస్తుంది, రికార్డు అంచు మీదికి వెళ్లి ముల్లు దించుతుంది, పాటలయ్యాక తిరిగొచ్చి తన చోట పడుకుంటుంది. మనిషి చెయ్యి తగలక్కర్లేదు. చూడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వణికే చేతి కోసమే దీన్ని తయారుచేశారనుకున్నాను.

ఆదివారం కోదాడ వెళ్లి ఫోన్‌లో నాయినకు చూపించాను. మొత్తం చూసి, "పాతదే కావాలె. మిర్యాలగూడల దొరుకుతయి" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద వాక్యం అదే. సంతోషపడాల్సింది పోయి నేను వాదనకు దిగాను.

"పాతదానికి ముల్లు దొరకదు, రబ్బర్లు దొరకవు, నాయినా. రిపేరొస్తే ఎవడు చేస్తడు?"

"గీ కొత్తదాంట్ల మూడో పాట కావాలంటే ఎట్ల?"

"మొదటి రెండు వింటే మూడోది అదే వస్తది."

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊకనే అన్లే."

"అవును మరి, పాత మిషన్లు రోతే!"

నాయిన అమ్మవైపు చూశాడు. "ఇన్నవా? నలభై ఏండ్ల పాతదానివి. మరి నువ్వు రోతనా?"

"నన్ను మధ్యలోకి లాగకండి," అని అమ్మ ఆంధ్రాలో మొదలుపెట్టింది. "అసలు దాన్ని పెడతారెక్కడ? టీవీ పక్కన పెడితే నా కుక్కర్ డబ్బా ఏడ పెట్టాలె?" ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొనని మిషన్‌కు చోటు గురించి కాసేపు ముగ్గురం పోట్లాడుకున్నాం. ఆ వేడిలో నేను, "పాతది అంతా చేత్తోనే పెట్టాలి నాయినా, నీ చెయ్యేమో..." అన్నాను. అన్నాక ఆగాను. నాయిన తువ్వాలను ఇంకొంచెం ముందుకు లాక్కుని గోడవైపు తిరిగాడు. అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒప్పించడం నాకు చేతకాదు, ఓడించడం తెలుసు. అందుకే రెండు పనులు ఒకేసారి చేశాను. కొత్త మిషన్‌ను కోదాడ అడ్రసుకు ఆర్డర్ పెట్టాను. నచ్చకపోతే వారంలోపు వాపసు తీసుకుంటారు. తర్వాత, పాతవెంత పనికిమాలినవో కళ్లారా చూపిస్తే నాయిన దారికొస్తాడని, సెలవు పెట్టి ఆయన్ని మిర్యాలగూడ బస్సెక్కించాను. హుజూర్‌నగర్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. హుజూర్‌నగర్‌లో ఆయన పల్లీలు కొనమన్నాడు. కొన్నాను. రాజీ లాంటిది కుదిరింది.

పాత సామాన్ల దుకాణం ఒక రైస్‌మిల్లు వెనక సందులో ఉంది. కుట్టుమిషన్లు, రేడియోలు, టేబుల్ ఫ్యాన్లు, అన్నింటి మీదా ఒకటే రంగులో తవుడు దుమ్ము. దుకాణదారు మాటకారి. "దుమ్మని సూడకు మేడం. గా తవుడు పొర ఉండబట్కే తుప్పు పట్టలే. ఓల్డ్ ఈజ్ గోల్డ్!" అంటూ ఒక మిషన్‌ను బల్ల మీదికి ఈడ్చాడు. నిజంగానే ఈడ్చాడు, అంత బరువు. అడుగున చెక్క పెట్టె, పైన ఇనుప పళ్లెం, పక్కన నాలుగు స్పీడులు మార్చే మీట.

స్విచ్చి వేశాడు. పళ్లెం తిరిగింది, లోపల్నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు దబ్ దబ్ అని చప్పుడు. నాకు పండగే. "ఏంటా చప్పుడు?" అన్నాను పరీక్ష పేపర్లో తప్పు దొరికిన సంతోషంతో. లోపల పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం ఒకచోట అణిగిపోయిందని, గరుకు కాగితంతో రుద్దితే పోతుందని చెప్పి, అక్కడికక్కడే కూర్చుని రుద్దాడు. చప్పుడు సగం పోయింది. మిగతా సగం పాటలో కలిసిపోతుందన్నాడు.

నాయిన అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. మెల్లగా ముందుకొచ్చి ఎడమ అరచేతిని తిరుగుతున్న పళ్లెం మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. ఆ ముఖం చూసి నా లెక్కలన్నీ కొంచెం కదిలాయి.

"ముల్లు పెట్టి సూడు, పెద్దాయన" అన్నాడు దుకాణదారు.

"నువ్వే పెట్టు" అన్నాడు నాయిన.

చూశావా, నేను చెప్పలేదా అని లోలోపల అనుకున్నాను. సిగ్గు లేకుండా గెలిచినట్టు కూడా అనిపించింది. బేరం చివర దుకాణదారు, "మైక్‌సెట్టు నడిపిన మనిషివి, నీ దగ్గర అడ్వాన్స్ ఏంది? తీస్కపో. నచ్చితే పైసలు పంపు, నచ్చకుంటే మిషన్ పంపు" అన్నాడు. ధర కొత్తదాని కంటే కొంచెం తక్కువే, కానీ రెండూ ఉంచుకునే స్తోమత నాకు లేదు. ఏదో ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఆ బరువును బస్టాండు దాకా మోసింది నేనే.

తర్వాతి ఆదివారానికి కోదాడ హాల్లో రెండు మిషన్లూ పక్కపక్కనే కూర్చున్నాయి. అమ్మ రెండింటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మా ఇంట్లో బొట్టు లేకుండా ఏ మిషనూ పని మొదలుపెట్టదు, ఫ్రిజ్ కూడా. ముల్లు దగ్గర పెట్టొద్దని నేను అరిచేసరికి ఆమె చేతిలోని కుంకుమ సగం నా మీద పడింది.

అటక మీది ఆంప్లిఫయర్ దించి తుడిచి, ముందు కొత్తదానికి తగిలించాం. దేవుడి పాటల రికార్డు పెట్టి, "నాయినా, నొక్కు" అన్నాను. ఆయన ఎడమ బొటనవేలితో బటన్ నొక్కాడు. కడ్డీ దానంతటదే లేచింది, దానంతటదే జరిగింది, మెత్తగా దిగింది. పాట మొదలయింది. అమ్మ రెండు చేతులూ జోడించి, "ఏ దేవుడు తోల్తున్నాడే దాన్ని!" అంది. నేను కాలర్ లేని జాకెట్టుకు కాలరెగరేశాను. నాయిన మాత్రం పాట వినడం లేదు. కడ్డీనే చూస్తున్నాడు.

టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు మరగకముందే పాట ఆగి, గలగలమని చప్పుడు మొదలయింది. పరుగెత్తుకొచ్చి చూస్తే కడ్డీ సగం లేచి, అటూ ఇటూ కాకుండా గాల్లో వణుకుతోంది. పళ్లెం తిరిగినప్పుడల్లా దాని కింద ఏదో గలగలమంటోంది.

విషయం ఏంటంటే, మైక్‌సెట్టు వాళ్లకు ఒక అలవాటుండేది. పందిట్లో జనం ఎగిరితే ముల్లు గెంతకుండా కడ్డీ తల మీద ఒక నాణెం పెట్టేవాళ్లు. మా నాయిన ఆ అలవాటు ప్రకారమే, మా హాల్లో ఎవరూ ఎగరకపోయినా, ఆ పూలరెమ్మలాంటి కడ్డీ నెత్తిన రూపాయి బిళ్ల పెట్టాడు. అది బరువుకు తడబడి, మధ్యలోనే లేవబోయి, బిళ్లను పళ్లెం కిందికి జారవిడిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇది నీ మైక్‌సెట్టనుకున్నవా? అన్నీ అదే చేసుకుంటదని చెప్పిన గదా! నువ్వేం చెయ్యక్కర్లేదు, బటన్ నొక్కి కూర్చుంటే చాలు. గింత ఖరీదైనదాని మీద రూపాయి బిళ్ల ఎవరన్నా పెడతరా?" ఇంకా చాలా అన్నాను. మొత్తం గుర్తులేదు, గుర్తున్నది రాయను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అమ్మ. "పాడేది ఆయన కోసం. ఆయనకు లేని తొందర నీకెందుకు? నోర్మూయ్ ఇగ."

నాయిన నోరు మూసుకుంటాడనుకున్నాను, కోపం వస్తే చేసేది అదే కాబట్టి. కానీ మాట్లాడాడు. మెల్లగానే.

"గా మిషన్ మంచిదే బిడ్డా. నేను కాదనలే. అదే లేస్తది, అదే పోతది, అదే దిగుతది, అయిపోతే అదే వాపస్ వస్తది. దానికి నేను అక్కర్లేదు. నాకు పాట ఇనబుద్ధయి గాదు అడిగింది. పాటలకేంది, ఫోన్ల గూడ వస్తయి."

వారం రోజులు యూట్యూబులో చెవులు వాచేలా విన్నాను కానీ, ఈ ఒక్క మాట ముందే మా నాయిననే అడగాలని తోచలేదు. చెయ్యి అక్కర్లేని మిషన్ తెచ్చి, నీ చెయ్యి ఇక అక్కర్లేదని ఆయనకే బహుమతిగా ఇచ్చాను. ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఏడవాలంటే వంటింట్లోకి వెళ్లాలి. వెళ్లాను, అప్పటికి టీ పొంగిపోయింది.

తర్వాత ముగ్గురం కలిసి కొత్త మిషన్‌ను దుప్పటి మీద తలకిందులు చేసి, బిళ్ల రాలేదాకా ఊపాం. అదృష్టం బాగుండి ముల్లుకేమీ కాలేదు. మళ్లీ పెట్టి చూస్తే నిక్షేపంలా పాడింది. వాపసు ఎందుకని యాప్ అడిగింది. అది చూపించిన కారణాల్లో 'మనసు మారింది' అని ఒకటుంది. అదే నొక్కాను. ప్యాక్ చేసే ముందు పసుపు కుంకుమ తుడవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బొట్టు తుడవకూడదే, అపశకునం. అట్నే పంపియ్యి. కొనుక్కునేవాళ్లకు మంచే జరుగుద్ది." నేను ససేమిరా అన్నాను. ఆమె లోపలికెళ్లగానే తుడిచేశాను. ఒక్క చుక్క మాత్రం కనపడనిచోట వదిలేశాను, ఎందుకైనా మంచిదని.

ఆ సాయంత్రం పాత మిషన్‌ను ఆంప్లిఫయర్‌కు తగిలించాం. లోపల్నుంచి హుమ్మని ఒక రొద, దాని మీద దబ్ దబ్. నాయిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఒక సినిమా రికార్డు తీయించాడు. తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. కుడిచెయ్యి బయటికొచ్చింది. ఇన్ని నెలల్లో దాన్ని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. వేళ్లు సన్నబడ్డాయి. కడ్డీని పట్టుకోవడానికే కాసేపు పట్టింది. పట్టుకున్నాక చేతితోపాటు కడ్డీ కూడా వణికింది.

మొదటిసారి ముల్లు రికార్డు మీద పడి, అడ్డంగా బర్రుమని ఈడ్చుకుపోయింది. ఆ చప్పుడు ఆంప్లిఫయర్‌లో నుంచి వీధి చివరిదాకా వెళ్లింది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను గబుక్కున లేచాను, ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టడానికి. అమ్మ నా చీర కొంగు పట్టుకుని గుంజింది. "కూసో" అంది. ఆంధ్రా ముచ్చటే లేదు.

రెండోసారి ముల్లు రికార్డు దాటి అవతల చెక్క పెట్టె మీద పడింది. నాయిన నుదుటి మీద చెమట పట్టింది. ఇంక చాలనిపించింది నాకు. రికార్డు పాడయితే అయింది, ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగితే ఎలా? పాతదీ వద్దు, కొత్తదీ వద్దు, బ్లూటూత్ స్పీకరే కొంటాను దేవుడా అని మొక్కుకున్నాను. ఆయన మావైపు చూడలేదు. చేతిని మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తాడు.

మూడోసారి ముల్లు దిగింది. ఖాళీలో కాదు, మొదట్లోనూ కాదు, ఒక పాట నడుమ ఎక్కడో దిగి నిలబడింది. గాయని గొంతు సగం మాట నుంచి మొదలయి, హాలంతా నిండింది. నాయిన చెయ్యి కడ్డీని వదిలేసి ఇంకా గాల్లోనే ఉంది, వణుకుతూ.

నాకు లెక్క సరిగ్గా ఉండాలి కదా. "నాయినా, మొదటి నుంచి పెట్టనా?" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. పెళ్లిపందిట్లో మైకు ముందు నిలబడి మాట్లాడే గొంతు అది, నేను చిన్నప్పుడు విన్నది, అది ఇంకా ఆయనలో ఉందని నాకు తెలియదు.

"పల్లవి పోతే పోయింది. చరణం కాన్నుంచి ఇనుండ్రి" అన్నాడు.